మోమి ఆంటీ చప్పుడు

హీలో ఊరి పక్కనున్న కెఔకహాలో, సముద్రానికీ విమానాశ్రయానికీ మధ్య ఉన్న మా వీధిలో, పొద్దున్నే అందరికంటే ముందు లేచేది హనాలే. కళ్ళు కనిపించవు గనక తెల్లారడంతో అతనికి పనిలేదు. కోళ్ళు కూస్తే లేస్తాడు. గోడ తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెడతాడు. కాసేపటికి ఆ చేతిలోకి వేడి కాఫీ కప్పు వస్తుంది. అతని భార్య మోమి లేచిందనడానికి అదే గుర్తు. స్లిప్పర్ల చప్పుడుండదు, గిన్నె చప్పుడుండదు, కుళాయి తిప్పిన చప్పుడుండదు. కప్పొక్కటే ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు వస్తుంది.

"ఉన్నావా?" అంటాడు హనాలే.

మోమి అతని చిటికెన వేలు ఒకసారి నొక్కుతుంది. ఉన్నానని.

"వానా?"

రెండుసార్లు నొక్కుతుంది. కాదని. హీలోలో వాన లేని పొద్దు అరుదు కాబట్టి అతను సంతోషంగా కాఫీ తాగుతాడు.

హనాలే బతుకంతా చక్కెర మిల్లులో చేశాడు. మిల్లు మూసేసిన ఏడాదే ఒంట్లో చక్కెర పెరిగి చూపు పోయింది. "మిల్లు నన్ను వదిలేసింది గానీ చక్కెర వదల్లేదు" అని నవ్వేవాడు. కానీ శని, ఆదివారాల్లో అతను మిల్లు మనిషి కాడు. తనంత ఎత్తున్న బేస్ వాయిద్యం పట్టుకుని, మోమి పక్కన నిలబడేవాడు. ఆమెది కోవా చెక్కతో చేసిన ఉకులేలే, నాలుగు తీగల బుల్లి గిటారు, వాళ్ళ నాన్న ఇచ్చింది. పెళ్ళిళ్ళకీ, పసిపిల్లల తొలి పుట్టినరోజులకీ వాళ్ళిద్దరూ లేకపోతే పందిరి బోసిగా ఉండేది. పాటకీ పాటకీ మధ్య మైకులోనే పోట్లాడుకునేవారు. నువ్వు తొందరపడ్డావంటే నువ్వు నిద్రపోయావని. జనంలో సగంమంది పాట కోసం వస్తే, సగంమంది ఆ పోట్లాట కోసం వచ్చేవారు.

మోమి చప్పుడు ఒక్క రోజులో పోలేదు. మొదట స్లిప్పర్ల చప్పుడు పోయింది. తర్వాత గిన్నెలు మోగడం మానేశాయి. ఆ తర్వాత దగ్గూ తుమ్మూ. ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో గొంతు పోయింది. నోరు కదులుతోంది, మాట లేదు. ఇంటికొచ్చి ఉకులేలే తీసి మీటితే తీగలు వణికాయి గానీ పలకలేదు. ఆమె ముట్టుకున్నంతసేపూ ఏ వస్తువూ చప్పుడు చెయ్యదు. ఆమె వదిలేసి పక్కకి జరిగితే ఆ వస్తువే మామూలుగా మోగుతుంది.

"మోమి ఆంటీ చప్పుడు పోయిందట."

"అయ్యో. ఎప్పుడు?"

"ఈస్టర్ ముందర."

మా వీధిలో దాని గురించి అంతకంటే ఎక్కువ మాటలు నడవలేదు. పన్ను ఊడితే ఎవరైనా ఎంత బాధపడతారో అంత బాధపడ్డారు. చేపల బజారులో మాత్రం ఎవరి గురించైనా చెప్పుకునే ముందు వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. మోమి వెనకే నిలబడి అంతా విని, మోచేత్తో పొడిచి వెళ్ళిపోయిన సందర్భాలు ఉన్నాయి మరి.

మొదట్లో హనాలే సరదాగానే తీసుకున్నాడు. "పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి చివరి మాట నాదైంది" అని వీధంతా చెప్పుకున్నాడు. ఆ సరదా ఎంతో కాలం నిలవలేదు. ఆమె రాసి చూపిస్తే అతనికి కనపడదు. ఎవరైనా చదివి పెట్టాలి. ఒకసారి పాస్టర్ గారు వచ్చినప్పుడు మోమి ఓ కాగితమ్ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని, బైబిలు చదివినట్టే చదివాడు: "నీకు బుద్ధుందా, గాడిదా? మందు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?"

హనాలే ముఖం మాడ్చుకున్నాడు. "నా పెళ్ళాం తిట్టు నాకు నా పెళ్ళాం గొంతులోనే కావాలి. అద్దె గొంతులు వద్దు."

అప్పటినుంచి ఆమె అతని అరచేతిలో వేలితో అక్షరాలు రాసేది. ఒక మాట పూర్తయ్యేసరికి కోపమైనా ప్రేమైనా చల్లారిపోయేది. ఉండబట్టలేక ఆమె తలుపు దభాలున వేసేది. వేసిందని కూడా అతనికి తెలిసేది కాదు. కోపం వచ్చినప్పుడు ఆమె చెయ్యగలిగింది ఒక్కటే, అతని వేలు నొక్కకపోవడం. అప్పుడు హనాలే "ఉన్నావా? మోమీ, ఉన్నావా?" అని గది నాలుగు వైపులకీ తిరిగి అడిగేవాడు. ఆమె అలిగిందో, బయటికెళ్ళిందో, ఎక్కడైనా పడిపోయిందో అతనికి తెలిసే దారి లేదు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు గానీ, అతను సన్నబడిపోవడం అందరం చూశాం.

ఒకరోజు మధ్యాహ్నం మోమి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. హనాలేకి ఆకలేసి, తనే పొయ్యి వెలిగించి సాసేజ్ వేయించబోయాడు. భుజం మీది తువ్వాలు కొస మంటలో పడింది. కిటికీలోంచి మోమి చూసింది. చూసి అరిచింది. అరుస్తూనే పెరడు దాటి పరిగెత్తింది. పక్కింటి కుక్క కూడా తల ఎత్తలేదు. ఆమె వచ్చి తువ్వాలు లాగి పారేసేసరికి అతని చెయ్యి మోచేతి దాకా కాలింది. "సాసేజ్ మాడుతోందనుకున్నానే" అన్నాడు హనాలే, నొప్పికి పళ్ళు బిగించి.

ఆ వార్త విని ఒవాహు దీవి నుంచి అతని అక్క ఇవలానీ వచ్చింది. బడిలో వంటచేసి రిటైరైన మనిషి. వందమంది పిల్లల గోలలో మాట్లాడీ మాట్లాడీ ఆమె మెల్లగా మాట్లాడడమే మర్చిపోయింది.

"కనపడని మొగుడూ, వినపడని పెళ్ళామూ! ఇదేం కాపురంరా తమ్ముడూ? నాతో వచ్చెయ్. మనవలు ఇంటినిండా ఉన్నారు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు."

"మరి మోమి?"

"నాకున్నది ఒక్క గది. పైగా ఇది ప్రభుత్వం వాళ్ళమ్మకిచ్చిన నేల. వదిలేసి వస్తే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నెలకోసారి వచ్చి చూసి వెళ్తుందిలే."

హనాలే చిటికెన వేలు బల్ల మీద పెట్టి ఎదురుచూశాడు. ఎవరూ నొక్కలేదు.

"ఏం చేస్తోందక్కా?"

ఇవలానీ లోపలి గదిలోకి తొంగి చూసింది. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "నీ బట్టలు సర్దుతోందిరా."

హనాలే చిటికెన వేలు వెనక్కి తీసుకున్నాడు. తనని వదిలించుకుంటోందని అనుకున్నాడు. మోమి వీపు ఇటు తిప్పి, పెట్టె మీద వంగి ఏడుస్తోందని అతనికి ఎలా తెలుస్తుంది? ఈ మనిషి నా కళ్ళముందే కాలిపోతుంటే నా కేక అతన్ని చేరలేదు, ఇంక నా దగ్గర ఎలా ఉంచుకోను అని ఆమె బాధ. అది అరచేతిలో వేలితో రాయడానికి ఎన్ని అక్షరాలు కావాలి? శనివారం మధ్యాహ్నం విమానానికి టికెట్లు తీసుకున్నారు.

గురువారం నాడు మోమి ఉకులేలే చంకన పెట్టుకుని వెర్నా ఫుర్తాడో కొట్టుకి వెళ్ళింది. బట్టలుతికే మెషీన్ల షాపు వెనక చిన్న గది అది. వెర్నా నలభై దాటిన మనిషి. రేడియోలు, గిటార్లు, పడవల్లో చేపల్ని వెతికే యంత్రాలు, ఏది చెడిపోయినా ఆమె దగ్గరికే తెస్తారు. కొన్ని బాగవుతాయి, కొన్ని అలాగే అటకెక్కుతాయి. మోమి ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా ఉంది.

"ఓ దేవుడా! ఆంటీ, గుండాగిపోయింది."

మోమి అట్టముక్క మీద రాసి చూపించింది: శనివారం ఆయన వెళ్ళిపోతున్నాడు. ఈలోగా ఒక్క పాట వినపడాలి.

వెర్నా పెన్సిలు చెవి వెనక దోపుకుని, బల్ల మీది సామాన్లు పక్కకి నెట్టింది. ఆమె పెళ్ళిలో వాయించింది కూడా వీళ్ళిద్దరే.

"నేను డాక్టర్ని కాదు ఆంటీ. సరే, వాయించు చూద్దాం."

మైకు పెట్టింది. మైకు అంటే గాలిలో ఉన్న చప్పుడుని పట్టేది. గాలిలో చప్పుడే లేదు, అది మాత్రం ఏం పడుతుంది? పాత ఎలక్ట్రిక్ గిటార్‌లోంచి, తీగల కదలిక పట్టే పికప్ ఊడదీసి తీగల కింద పెట్టింది. దాని లోపల అయస్కాంతం. పైన ఇనప తీగ కదిలితేనే దానికి తెలుస్తుంది. ఉకులేలేవి నైలాన్ తీగలు. అయస్కాంతం వాటిని పట్టించుకోలేదు.

"ఇనుము కావాలమ్మా దీనికి. నైలాన్‌తో దీనికి చుట్టరికం లేదు" అని వెర్నా విసుక్కుంటూ, ఊరికే ఉకులేలే పొట్ట మీద చెయ్యి వేసింది. మోమి ఇంకా మీటుతూనే ఉంది. వెర్నా చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా వేసింది.

"ఆంటీ. ఆపకు. వాయించు."

చెక్క వణుకుతోంది. ప్రతి మీటుకీ ఒక్కో రకంగా, పిల్లి గురక పెట్టినట్టు వణుకుతోంది. చప్పుడు పోయింది గానీ అదురు ఎక్కడికీ పోలేదు.

వెర్నా లేచి సొరుగులన్నీ కుమ్మరించి, అగ్గిపుల్ల కంటే సన్నగా ఉన్న ఒక పట్టీ తీసింది. "పొయ్యి వెలిగించే లైటర్ టక్కుమని నొక్కితే నిప్పురవ్వ ఎందుకొస్తుందో తెలుసా? లోపలొక రాయి ఉంటుంది. దాన్ని నొక్కితే కరెంటు పుడుతుంది. ఇదీ ఆ జాతిదే. తీగలు ఆనుకునే ఎముక ముక్క ఉంది చూడు, దాని కింద దీన్ని పడుకోబెడతాను. నువ్వు తీగ మీటితే ఎముక దీన్ని నొక్కుతుంది. నొక్కినంత కరెంటు. దీనికి చెవుల్లేవు ఆంటీ. అందుకే నీకు పనికొస్తుంది."

పట్టీ పెట్టి, దాని వైరు నేరుగా చప్పుడు పెంచే యాంప్‌కి కలిపింది. గుయ్ మని రొద. వాయించమంది. రొద తప్ప ఏమీ లేదు. మోమి మొహం వాడిపోయింది. వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని చెవి స్పీకరుకి ఆనించింది. ఆ రొద అడుగున ఎక్కడో, దోమ పాడినంత సన్నగా, ఒక స్వరం. దాని పక్కన ఇంకోటి.

వెర్నా చెవి తియ్యకుండానే, ఆపొద్దని చెయ్యి ఊపింది.

"ఉంది" అంది గుసగుసగా. తర్వాత గట్టిగా అరిచింది. "ఉంది ఆంటీ! నీ వాయింపు ఉంది, ఎక్కడికీ పోలేదు!"

మోమి తనూ వంగి చెవి ఆనించబోయింది. ఆమె స్పీకరుని ముట్టుకోగానే అది మూగబోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒకరి నవ్వే వినపడింది.

"రాయి మాట్లాడుతోంది గానీ దానికి ఊపిరి చాలదు. ఇంత పొడుగు వైరు దాటి వచ్చేసరికి ప్రాణం పోతోంది. దీని పక్కనే ప్రీయాంప్ కూర్చోబెట్టాలి. సిగ్గుపడే పిల్ల తల్లి చెవిలో గొణిగితే, ఆ తల్లి లేచి నలుగురికీ చెప్పదూ? అలాంటిదన్నమాట. ఓ చిన్న బ్యాటరీ ఇస్తే చాలు. కానీ పక్క చెక్క కొయ్యాలి."

మోమి ఉకులేలేని గుండెకి హత్తుకుంది. నాన్న ఇచ్చిన కోవా చెక్క. దాన్ని ఎవరూ గోరుతో కూడా గీయలేదు. చాలాసేపు కిటికీలోంచి వాన వంక చూసింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, కదలకుండా తన రెండు చేతులతో తనే గట్టిగా పట్టుకుంది. వెర్నా రంపం పెట్టింది. మోమి పట్టుకుని ఉంది గనక రంపం కూడా చప్పుడు చెయ్యలేదు. ఎర్రటి చెక్కపొడి మాత్రం బల్ల మీద మెత్తగా రాలింది.

శనివారం మధ్యాహ్నం, పెట్టె వరండాలో ఉంది. హనాలే టోపీ పెట్టుకుని, ముఖం సముద్రం వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇవలానీ ప్రతి నిమిషానికీ గడియారం చూసుకుంటోంది. వెర్నా ట్రక్కు వచ్చి ఆగింది. యాంప్ దింపి, కిటికీలోంచి వైరు లాగి, రెండో కొస ఉకులేలేకి పెట్టింది.

"ఇదంతా ఏంటమ్మాయ్? మేం బయల్దేరాలి" అంది ఇవలానీ.

"ఒక్క పాట ఆంటీ. విమానం ఎక్కడికీ పోదు."

"విమానం పోవడానికే ఉంది!"

మోమి హనాలేకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె వేలు చెక్కకి తగిలింది. యాంప్‌లోంచి 'టక్' మని వచ్చింది.

హనాలే తల చటుక్కున తిరిగింది.

"ఎవరది?"

మోమి మీటింది.

అది వాళ్ళ పెళ్ళైన కొత్తలో, మిల్లు కూతకి వరస కట్టి ఇద్దరూ అల్లుకున్న పాట. గదిలో వాయించినంత మెత్తగా మొదలై, వరండా నిండి, మెట్లు దిగి, వీధిలోకి పోయింది. పక్కింటివాళ్ళు రేడియో కట్టేశారు. ఎదురింట్లో కారు తుడుస్తున్నాయన గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అన్నాళ్ళుగా మా వీధిలో ఏదో తక్కువైందని మాకెవరికీ తోచనే లేదు. అది తిరిగొచ్చాకే, అది లేకుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నామా అనిపించింది.

హనాలే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళు చెంపల మీదుగా దిగి గడ్డం దగ్గర ఆగాయి. పాట సగంలో ఉండగా నోరు విప్పాడు.

"మూడో తీగ దిగిపోయింది."

మోమి ఆగింది.

"ఎంత దిగిపోయిందో! పందిరంతా కుంగినట్టుంది. సరిచెయ్."

తన వాయింపు తనకే వినపడక చాలాకాలమైంది కదా, శ్రుతి ఎలా నిలుస్తుంది? మోమి తల వంచి, గడ్డం ఉకులేలే పొట్టకి ఆనించి, బిరడా తిప్పుతూ అలవాటు ప్రకారం తనలో తను సణుక్కుంది. ఆ సణుగుడు యాంప్‌లోంచి బయటికొచ్చింది.

"చొక్కా తిరగేసి తొడుక్కుని నాకు శ్రుతి చెప్తున్నాడు."

మోమి కళ్ళు పెద్దవి చేసి యాంప్ వైపు చూసింది. వెర్నా తన చేతిలోని స్క్రూడ్రైవర్ కిందపడేసింది. ఎముక ముక్క కింద ఉన్న ఆ పట్టీకి తీగ వణుకేదో, దవడ వణుకేదో తేడా తెలియదు. చెక్కని ఏది అదిరిస్తే అదే చెప్తుంది.

హనాలే నెమ్మదిగా చెయ్యి పైకెత్తి మెడ దగ్గర తడుముకున్నాడు. కుట్లు పైకి ఉన్నాయి.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఇవాళొక్కరోజా? వారంలో సగం రోజులు ఇంతే. చెప్తూనే ఉన్నా."

"నాకెలా తెలుస్తుందే!"

"అరవకు. నాకు వినపడుతుంది."

"నువ్వే అరుస్తున్నావు, వీధంతా వినపడుతోంది!"

"అయితే విననీ!" మోమి ఉకులేలేని దవడకి అదుముకుంది. ఆమె గొంతు గరగరలాడుతూ, చెక్క వాసన వేసేటట్టు వస్తోంది. "నువ్వు కాలిపోతుంటే నేను గొంతు చించుకున్నాను. నువ్వు సాసేజ్ తిప్పుకుంటూ నిలబడ్డావు. ఇంకోసారి అలా చూడలేను నేను. అందుకే సర్దాను పెట్టె. వదిలించుకోవడానికనుకున్నావా? అనుకునే ఉంటావు, నీ బుద్ధి నాకు తెలీదూ?"

"చెప్పాలి కదా!"

"దేంతో చెప్పను?"

ఆ మాటకి ఇవలానీ వెనక్కి తిరిగి ముక్కు చీదుకుంది. మోమి గడ్డం పైకెత్తేసింది. ఉకులేలేని రెండు చేతులా గుండెకి అదుముకుని అలా ఉండిపోయింది. యాంప్ లోపల గరగర తగ్గింది. దాని అడుగునుంచి ఇంకేదో వచ్చింది. దబ్. దబ్. దబ్.

వెర్నా దాన్ని రొద అనుకుని యాంప్ మర తిప్పి తగ్గించబోయింది. "ఆగు" అన్నాడు హనాలే. "తగ్గించకు. ఇంకా పెంచు."

వెర్నా పెంచింది. ఎండిన సొరబుర్ర మీద అరచేత్తో కొట్టినట్టు, మోమి గుండె వరండా అంతా కొట్టుకుంది. నేల చెక్కలు దాంతో పాటు అదిరాయి. బయట నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు తెలియకుండానే తమ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. ఇంతకాలం పక్కన పడుకున్నా ఎన్నడూ వినని ఆ శబ్దానికి హనాలే నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా తల పక్కకి వంచి వింటున్నాడు. అతని కాలు దానంతటదే తాళం వెయ్యడం మొదలుపెట్టింది. దబ్, దబ్, దబ్. ఉన్నట్టుండి కాలు గాలిలో ఆగిపోయింది. రావాల్సిన చోట గుండె దెబ్బ రాలేదు. క్షణం ఆలస్యంగా వచ్చింది, తడబడుతూ. మళ్ళీ కొన్ని సరిగ్గా కొట్టి, మళ్ళీ ఒకటి మింగేసింది.

హనాలే కాలు కింద పెట్టేశాడు.

"మోమీ, నీకు ఆయాసం వస్తోందా?"

ఆమె గడ్డం ఆనించింది. "కాస్త. మెట్లెక్కితే. బట్టలారేస్తే. అందరికీ ఉండేదే."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"అప్పుడప్పుడు. ఎవరికి చెప్పను?"

"అక్కా" అన్నాడు హనాలే లేచి నిలబడి. "ఈమె తాళం తప్పుతోంది. ఆస్పత్రికి పోవాలి."

"విమానం?"

"పోనీ దాన్ని."

వెర్నా ట్రక్కులో ముందు మోమీ హనాలే, వెనక వానలో తడుస్తూ ఇవలానీ. ఆస్పత్రిలో పిల్లవయసు డాక్టరు అగ్బయానీ స్టెతస్కోపు చెవులకి తగిలించుకుని, మోమి వైపు చూసి, "ఓ, చప్పుడు పోయినావిడ కదూ" అని దాన్ని తీసి పక్కన పెట్టాడు. వైర్లు అంటించి, కాగితం మీద గీతలు రానిచ్చాడు. ఆ గీతల్ని చూస్తూ చూస్తూ అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"దీన్ని ఎవరు కనిపెట్టారు?"

"నేనే" అన్నాడు హనాలే.

"మీరు... చూపు లేదు కదా?"

"బేస్ వాయించేవాణ్ణి. పక్కన తాళం తప్పితే పళ్ళు జివ్వుమంటాయి నాకు."

డాక్టరు కాగితం బల్ల మీద పరిచాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. గుండె అప్పుడప్పుడు తన పని మర్చిపోతోంది. ఎప్పుడో ఒకసారి మర్చిపోయి మళ్ళీ గుర్తుచేసుకోకపోవచ్చు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే, అందులోనూ ఇంట్లో ఒక్కత్తే ఉండి ఉంటే... ఇవలానీ గోడకి ఆనుకుని నిలబడింది. ఆ విమానం ఎక్కి ఉంటే, నెల తిరిగాక ఎవరు ఏం చూసేవాళ్ళో ఆమెకు తోచింది. పెట్టె తన చేతులతోనే వరండాలో పెట్టానని కూడా తోచింది. వచ్చి మోమి పాదాలు పట్టుకుని నిమిరింది.

గుండెని తట్టిలేపే చిన్న యంత్రం ఛాతీ చర్మం కింద పెట్టాలంటే ఒవాహులోని హోనోలులు వెళ్ళాలన్నారు. అలా హనాలే ఆ వారంలోనే విమానం ఎక్కనే ఎక్కాడు. పక్క సీట్లో మోమి. అతని చిటికెన వేలు ఆమె చేతిలో ఉంది, దారంతా వదల్లేదు. ఇవలానీ వాళ్ళని తన ఒక్క గదిలోనే పెట్టుకుంది, మనవలందరినీ బయట పడుకోబెట్టి. మోమికి కుట్లు మానాక తనే తీసుకొచ్చి కెఔకహాలో దింపి, పెట్టెలోని చొక్కాలన్నీ సొరుగులో సర్ది, కుట్లు లోపలికి వచ్చేలా మడిచి మరీ వెళ్ళింది.

చప్పుడు మాత్రం మోమికి తిరిగి రాలేదు. వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. వెర్నా వైరు పొడుగు పెంచింది, వరండా నుంచి పొయ్యి దాకా వచ్చేటట్టు. ఇంట్లో ఉన్నంతసేపూ మోమి ఉకులేలేని గుడ్డ పట్టీతో మెడకి వేసుకుని తిరిగేది. వంగి గడ్డం ఆనిస్తే మాట, నిటారుగా నిలబడితే గుండె. హనాలే ఏ గదిలో ఉన్నా అడగాల్సిన పని లేకుండా పోయింది.

హోనోలులు నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, హనాలే గోడకి ఆనించిన బేస్ తీసి, దుమ్ము చేత్తోనే తుడిచి, వరండాలోకి తెచ్చాడు. మేం కొందరం మెట్ల మీద కూర్చున్నాం. మోమి ఉకులేలే గుండెకి ఆనించుకుంది. దబ్, దబ్, దబ్, దబ్. ఒక్కటి కూడా తప్పడం లేదు. హనాలే కొంతసేపు దానికి తాళం వేసి, ముక్కు ఎగబీల్చాడు.

"మరీ సరిగ్గా కొడుతోందే నీది. సైనికుల కవాతులా ఉంది. పాటకి కాస్త వెనకబడితేనే కదా అందం?"

మోమి గడ్డం వంచింది. యాంప్‌లోంచి ఆమె గొంతు వీధి దాకా వచ్చింది.

"తప్పకుండా కొట్టడం నేను చూసుకుంటాను. వెనకబడేది నువ్వు వెనకబడు."

హనాలే నవ్వి, మొదటి దెబ్బ రవ్వంత ఆలస్యంగా వేశాడు. పాట ఊగడం మొదలుపెట్టింది.